కోడి కాలికి పెద్ద దెబ్బ తగిలితే

(పెరట్లో, డాబాల మీద కోళ్లు పెంచుకునేవారి సమావేశంలో ఒక పశువైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. కుర్చీలు లాక్కొచ్చుకున్నా ఫర్వాలేదు. నా చేతిలో ఉన్నది చిన్నది, దూరం నుంచి కనబడదు. పొద్దున చికెన్ షాపులో అడిగి తెచ్చుకున్న కోడి కాలు ఇది. "డబ్బులెందుకు మేడం, ఊరికే తీసుకెళ్లండి" అన్నాడు ఆ అబ్బాయి.

కోసిన చోట చూడండి. తెల్లగా, గట్టిగా పోగులు బయటికొచ్చి ఉన్నాయి. ఇవి టెండన్లు, కండను ఎముకకు కలిపే తాళ్లు. పట్టకారుతో వెనకవైపు పోగును పట్టి లాగుతున్నాను. చూశారా, వేళ్లు ముడుచుకున్నాయి. ఇప్పుడు ముందువైపు పోగు. వేళ్లు తెరుచుకున్నాయి. బాబూ, నువ్వూ వచ్చి లాగు, ఏం కాదు. వేళ్లను కదిలించే కండంతా పైన, మనం లెగ్ పీస్ అంటామే, అక్కడ ఉంటుంది. పొలుసులున్న ఈ భాగంలో కండ లేదనే చెప్పాలి. ఎముక, ఈ పోగులు, సన్నటి రక్తనాళాలు, వాటి మీద బిగుతుగా చర్మం. ఈ చర్మాన్ని గిల్లి పైకి లేపడానికి ప్రయత్నించండి. రాదు.

నేను ఈరోజు చెప్పేదంతా ఇందులోనే ఉంది. మన చేతికి తెగితే కింద కండ ఉంటుంది, పక్కన సాగే చర్మం ఉంటుంది, డాక్టరు దగ్గరికి లాగి కుట్టేస్తారు. కోడి కాలికి లోతుగా తెగితే తిన్నగా టెండనో, ఎముకో తగులుతుంది. కుడదామంటే లాగడానికి చర్మం ఉండదు. వాపొస్తే ఆ వాపు పోవడానికి చోటుండదు. లోపలి రక్తనాళాలే నొక్కుకుపోయి, ముందు వేళ్లు చల్లబడతాయి. అందుకే ఈ గాయాల్లో చాలావరకు కట్టు కింద, లోపలి నుంచి పైకి, మెల్లగా పూడుకోవాల్సిందే. ఆ పూడుకునే వారాల్లో వైద్యం చేసేది నేను కాదు, మీరు. నేను గాయం శుభ్రం చేసి, మందు రాసిచ్చి పంపిస్తాను. రోజూ కట్టు మార్చేది ఇంట్లోవాళ్లు.

"కోడికి ఆసుపత్రేంటి, కూర వండుకోక" అనే మాట మీ అందరూ వినే ఉంటారు. నా దగ్గర కాంపౌండరే అనేవాడు. తినడానికి పెంచుకునేవాళ్లకు అది న్యాయమైన మాటే, నేను వాళ్లను తప్పుపట్టను. పేరు పెట్టి పెంచుకున్న పెట్టను తీసుకొచ్చినవాళ్లతో మాత్రం ఆ మాట అనకూడదు. ఇక్కడున్నది రెండో రకం వాళ్లని నాకు తెలుసు కాబట్టి సాగుతాను.

దెబ్బలు ఎలా తగులుతాయి? కుక్క, పిల్లి, ముంగిస సంగతి మీకు తెలుసు. గేటు సందులో ఇరుక్కోవడం, రేకు అంచు కోసుకోవడం కూడా మామూలే. చాలామందికి తోచనిది పందికొక్కు. రాత్రి గంప కింద మూసిపెట్టిన పెట్ట చీకట్లో కదలదు, దానికి ఏమీ కనబడదు. పందికొక్కు, పెద్ద ఎలుక గంప అంచు కింద నుంచి దూరి వేళ్లు కొరుకుతాయి. గుడ్లు పొదిగే పెట్టయితే గుడ్లు వదిలి లేవదు, ఇంకా సులువు. పొద్దున లేచేసరికి రెండు వేళ్ల చివర్లు ఉండవు. ఏ పురుగో పట్టిందనుకుంటారు. గంప ఇటుకల మీద పెట్టి ఎత్తు చేస్తే చాలదు, కింద సన్నకన్ను ఇనుప జాలీ పరవాలి.

ఇంకొకటి దారం. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే చూస్తే చిన్నగా ఉంటుంది, చేసేది పెద్ద నష్టం. సంక్రాంతి తర్వాత నెలన్నర పాటు హైదరాబాద్ డాబాల మీద పెరిగే కోళ్లకు ఇది తరచు వస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా తీగల మీద, చెట్ల మీద, పారాపెట్ గోడల మీద అది వేలాడుతూనే ఉంటుంది. కోడికి గీకడం అలవాటు. గీకేటప్పుడు దారం వేలికి చుట్టుకుంటుంది, ఇంకో అడుగు వేస్తే బిగుసుకుంటుంది. మాంజానే కానక్కర్లేదు, బియ్యం బస్తా పోగు చాలు, దువ్వెనలోంచి తీసి పారేసిన తలవెంట్రుకలు చాలు. పారిస్‌లో పావురాల కాళ్ల మీద పరిశోధన చేసి 2019లో ప్రచురించారు. క్షౌరశాలలు ఎక్కువున్న వీధుల్లో వేళ్లు పోయిన పావురాలు ఎక్కువ కనిపించాయట. మన ఇళ్లలో తల దువ్వుకునేది పెరటి గుమ్మంలోనే.

దారం చుట్టుకున్న వేలు ఎలా ఉంటుంది? మొదట కుంటుతుంది. మీరు చూస్తారు, ముల్లు కనబడదు, గాయం కనబడదు, వదిలేస్తారు. మూడు నాలుగు రోజులకు వేలు ఉబ్బుతుంది. ఉబ్బిన చోట మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, అడ్డంగా. ఆ గాడి అడుగున ఉంటుంది దారం. చర్మం దాని మీదికి ఎక్కేసి ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు పది నిమిషాలు నానబెట్టి, భూతద్దం పెట్టి, మొబైల్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. పైనుంచి వేస్తే కనబడదు. మొద్దు మొనున్న సూదిని గాడిలో పక్కగా దూర్చి పోగు లేపి, చిన్న కత్తెరతో కత్తిరించాలి. ఒక చుట్టు తెగిందని ఆగిపోకండి. కింద ఇంకో చుట్టు ఉంటుంది. చివర పట్టుకుని లాగకండి, అది కోసుకుంటూ వస్తుంది. పోగు లోతుగా దిగితే ఇంట్లో వద్దు, తీసుకొచ్చేయండి, మత్తు ఇచ్చి తీస్తాం.

దారం తీశాక వేలు బతికిందా లేదా అని అడుగుతారు. రెండో కాలి వేలితో పోల్చి పట్టుకుని చూడండి. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? చివర గిల్లితే కాలు లాక్కుంటోందా? రంగు నీలమై నల్లబడుతోందా? కడక్‌నాథ్ పెంచేవాళ్లు రంగు చూసి చెప్పలేరు, దాని కాలు పుట్టుకతోనే నలుపు. వాళ్లకు చెయ్యే గతి. చల్లగా, ఎండి, గట్టిపడుతున్న వేలు ఇక రాదు. అది పొడిగా ఉంటే తొందరపడక్కర్లేదు, కొన్ని వారాల్లో దానంతటదే రాలుతుంది. తడిగా, వాసనొస్తుంటే మాత్రం ఆరోజే డాక్టరు తీసేయాలి.

ఇప్పుడు దెబ్బ తగిలిన క్షణానికి వద్దాం. నేలంతా రక్తం, పిల్లలు ఏడుపు, మీకు టెన్షన్. రెండు కిలోల పెట్టలో రక్తం మొత్తం 150 మిల్లీలీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అందులో 15 నుంచి 20 మిల్లీలీటర్ల దాకా పోయినా ఆరోగ్యంగా ఉన్న పెట్ట తట్టుకుంటుంది. అంటే చిన్న చెంచాతో మూడు నాలుగు. బండల మీద పడితే అదే చాలా కనబడుతుంది. అందుకే చూసి హడలిపోవద్దు, అలాగని కారనివ్వనూ వద్దు. శుభ్రమైన గుడ్డ పెట్టి వేలితో నొక్కి పట్టండి. ఐదు నిమిషాలు, గడియారం చూసి. మధ్యలో ఆగిందా అని ఎత్తి చూడకండి, ఎత్తితే గడ్డకట్టింది ఊడుతుంది. తాడు మాత్రం కట్టొద్దు. గోరు విరిగి రక్తమొస్తే గోటి చివర మొక్కజొన్న పిండి అద్ది నొక్కితే సరిపోతుంది.

పట్టుకోవడం కూడా ఒక విద్య. తువ్వాలు కప్పి, తల మీద చీకటి చేస్తే కోడి నెమ్మదిస్తుంది. కానీ ఛాతీ మీద బిగించొద్దు. కోడికి మనలా డయాఫ్రం, అంటే ఛాతీ కింద ఊపిరి ఆడించే కండర పొర, లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. పారిపోతుందేమోనని గట్టిగా అదిమి పడితే కాలు బాగవుతుంది, కోడి పోతుంది. ఒళ్లో పక్కకు ఒరిగేలా పడుకోబెట్టి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కడగాలి.

కడగడానికి కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో మట్టంగా ఒకటిన్నర. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో ధారగా కొట్టండి, ఇసుక, రెట్ట, ఊక అంతా కొట్టుకుపోయేదాకా. చాలామంది మందు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా కడగడం మీద పెట్టరు. తర్వాత బీటాడిన్ నీళ్లలో లేత టీ రంగు వచ్చేంత కలిపి ఒకసారి పోయాలి. చిక్కగా పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలూ చస్తాయి. చర్మం తలుపులా లేచి వేలాడుతుంటే కత్తిరించకండి, కడిగి ఉన్న చోటనే సర్దండి. అక్కడ స్పేర్ చర్మం లేదని ఇందాకే చూశాం.

గాయం మీద ఏమేం పూసి తీసుకొస్తారో చెబితే నవ్వుతారు. సున్నం, కిరోసిన్, కాఫీ పొడి, బూడిద, పాత బ్యాటరీలోని నల్లపొడి. ఈమధ్య ఒకరు ఫెవిక్విక్‌తో అతికించి తెచ్చారు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఈ జాబితాలోవే, నురగ చూసి పనిచేస్తోందనుకుంటాం, అంతే. కోడి తన కాలిని తానే ముక్కుతో పొడుచుకుంటుంది కాబట్టి మీరు పూసినదల్లా దాని కడుపులోకి పోతుందని గుర్తుంచుకోండి. పశువుల పురుగు గాయాలకు వాడే టర్పెంటైన్ నూనె కోడికి అసలు వద్దు.

ఇంకో అలవాటు, ఇంట్లో ఉన్న మాత్ర వేయడం. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోందండీ, జ్వరం మాత్ర సగం వేశానండీ అంటారు. కోడి ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల పైన, ఫారెన్‌హీట్‌లో 106 దాకా ఉంటుంది. అది జ్వరం కాదు. నొప్పి మాత్రల విషయంలో పక్షులు మనలాంటివి కావు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి పోయి, వాటి కిడ్నీలు పాడై, మన దేశంలో రాబందుల జాతులే తుడిచిపెట్టుకుపోయేంత పని అయింది. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించారు. మేం కోళ్లకు నొప్పికి ఎక్కువగా వాడేది మెలాక్సికామ్, అదీ బరువు తూచి. మీ మోకాళ్ల నొప్పుల స్ట్రిప్పు నుంచి తుంచి వేయకండి.

ఎప్పుడు పరుగెత్తుకు రావాలి? ఎముక గానీ, ఇందాక చూపించిన తెల్లటి పోగు గానీ కనబడితే. కాలు వంగకూడని చోట వంగితే. పావుగంట నొక్కినా రక్తం ఆగకపోతే. కుక్కో పిల్లో కరిస్తే, పైకి చిన్న రంధ్రమే కనబడినా సరే, పిల్లి నోట్లోని పాశ్చురెల్లా క్రిమికి కోడి తట్టుకోలేదు, అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంటుంది, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయొచ్చు. ఎముక ఆపరేషన్లవరకు వస్తే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. గాయమే లేకుండా ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాపి పడిపోతే అది దెబ్బ కాదు, నరాలను దెబ్బతీసే మారెక్స్ అనే వైరస్ వ్యాధి కావచ్చు, దాని దారి వేరు.

సరే, కట్టు. ముందుగా గాయం మీద అంటుకోని గాజ్, అంటే పలచటి కట్టు గుడ్డ. మెడికల్ షాపులో పారాఫిన్ గాజ్ అంటే ఇస్తారు. దాని మీద దూది పెట్టకండి, పోగులు గాయంలో చిక్కుకుంటాయి, మడిచిన గాజ్ గుడ్డ పెట్టండి. గాయం అరికాల్లో ఉంటే ఆ గుడ్డను గారెలా మధ్యలో చిల్లు ఉండేట్టు చుట్టి పెట్టాలి. అప్పుడు బరువు అంచుల మీద పడుతుంది, గాయం మీద పడదు. ఆ పైన తనకు తానే అంటుకునే సాగే పట్టీ, కోహెసివ్ బ్యాండేజ్ అని అడగండి. రెండు సెంటీమీటర్ల వెడల్పుకు కత్తిరించుకుని, వేళ్లకు పైన పొలుసుల కాలు చుట్టూ ఒక చుట్టు, మొదటి రెండు వేళ్ల మధ్య నుంచి కిందికి, అరికాలు మీదుగా, తర్వాతి వేళ్ల మధ్య నుంచి పైకి, ఇలా ఇంగ్లీషు ఎనిమిది అంకె వేసుకుంటూ పోవాలి. పట్టీని లాగి చుట్టకండి. చుట్ట నుంచి ముందుగా విప్పి వదులు చేసుకుని ఊరికే పరుస్తూ పోండి. వేళ్ల చివర్లు బయటికి ఉండాలి. గంట తర్వాత వెళ్లి వాటిని పట్టుకోండి. చల్లగా ఉంటే వెంటనే విప్పేయండి. ఎర్రరంగు పట్టీ కొనకండి, మిగతా కోళ్లు పొడిచి పొడిచి ఊడబీకుతాయి.

వేలు విరిగితే చెప్పుల డబ్బా అట్ట మీద కాలు పెట్టి గీత గీసి, ఆ ఆకారం కత్తిరించి, వేళ్లు విప్పారి ఉండేట్టు మైక్రోపోర్ టేపుతో అంటించండి. కోడి ఎముక తొందరగా అతుక్కుంటుంది, రెండు మూడు వారాలు చాలు.

మొదటి వారం కట్టు రోజూ మార్చాలి. విప్పగానే వాసన చూడండి. మొహం పక్కకు తిప్పుకోకండి, ముక్కు చెప్పేది కన్ను చెప్పదు. గాయం అడుగున ఎర్రగా, గరుకుగా, ముట్టుకుంటే రక్తం చెమర్చే పొర వస్తోందంటే మంచి వార్త. దాన్ని గీకి శుభ్రం చేయకండి. పసుపుపచ్చగా గట్టిగా, పెరుగు తొరకలా కాదు, జున్ను ముక్కలా ఏదైనా కనబడితే అది చీము. మన చీము కారుతుంది, కోడి చీము కారదు. చీమును కరిగించే ఎంజైము దాని తెల్ల రక్తకణాల్లో లేదు. అందుకే పిండితే రాదు, పిండితే ఇంకా లోపలికి పోతుంది. ఆ ముద్దను డాక్టరు తీయాల్సిందే. అరికాల్లో నల్ల పెచ్చు కట్టి, కింద ఉండలా తగిలే జబ్బు, ఆనె అంటారు కదా, దాని కథ కూడా ఇదే, ఎక్కువగా స్టెఫైలోకాకస్ క్రిమి పని. వానాకాలంలో ఈగ ఒక్కసారి వాలితే మర్నాటికి పురుగులు. దోమతెర తప్పదు.

నా అనుభవంలో కోళ్లు గాయంతో పోవడం తక్కువ, ఆకలితో పోవడం ఎక్కువ. నొప్పికి లేవదు, గిన్నె రెండడుగుల దూరంలో ఉంటుంది, పక్క కోళ్లు తినేస్తాయి. గిన్నె ముక్కు దగ్గర పెట్టండి. సాయంత్రం మెడ కింద మేతసంచి తడమండి, ఖాళీగా ఉంటే తినలేదన్నమాట. ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టొచ్చు. మునగాకు, క్యారెట్ తురుము పెట్టండి, విటమిన్ ఏ తక్కువైతే అరికాలి చర్మం త్వరగా చెడుతుంది. విడిగా ఉంచాలి, కానీ మిగతావాటికి కనబడేట్టు ఉంచాలి. పూర్తిగా తప్పించేస్తే తిరిగి కలిపిన రోజు కొత్తకోడి వచ్చిందని పొడుస్తాయి.

బాగున్న రెండో కాలిని మర్చిపోతారు. బరువంతా దాని మీదే కదా. వారం పది రోజుల్లో దాని అరికాలు ఎర్రబడి ఆనె మొదలవుతుంది. సిమెంటు నేల మీద ఉంచితే మరీనూ. మూడు నాలుగు అంగుళాల పొడి ఊక వేయండి, తడిస్తే మార్చండి. కోడి ఎక్కి కూర్చునే దండెం తీసేయండి, దూకడం ఉండకూడదు. బాగయ్యాక కూడా వనరాజా లాంటి బరువు కోళ్లకు దండెం అడుగున్నర ఎత్తు మించనివ్వకండి.

ప్రశ్నలుంటే అడగండి.

పసుపు వేయొచ్చా అని అడుగుతున్నారు. పైపైన గీసుకుంటే వేయండి, నేనేమీ అనను. లోతు గాయంలో పొడి నింపితే అది గడ్డకట్టి కింద ఏం జరుగుతోందో కనబడకుండా చేస్తుంది. నేను ముందు ఆ గడ్డ తవ్వాల్సి వస్తుంది.

గుడ్లా? యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ తినకండి. ఎన్నాళ్లన్నది మందును బట్టి మారుతుంది, చీటీలో రాయించుకోండి. కుక్కకు పెట్టడం కూడా వద్దు.

ఆ వెనక పెద్దాయన, వేలు పోతే బతుకుతుందా అంటున్నారు. ముందు వేళ్లలో ఒకటి పోయినా నెలలో మామూలుగా తిరుగుతుంది. వెనక వేలు పోతే దండెం పట్టుకోవడం కష్టం, వెడల్పు చెక్క వేయండి. పాదమంతా పోతే, తేలికైన పెట్ట కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, నాలుగు కిలోల పుంజు నెట్టుకురాలేదు. రెండు పాదాలూ నలిగిపోయి వస్తే నేను వైద్యం చేద్దామనను, నొప్పి లేకుండా పంపించేద్దామంటాను. ఇంటివాళ్లు ఒప్పుకోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ నొప్పి మందు ఇస్తూ ఉంటాను.

మట్టిలో పొర్లాడటానికి ఎప్పుడు వదలాలి? కట్టు కింద కొత్త చర్మం పూర్తిగా మూసుకుని, పొడిగా, పెచ్చు లేకుండా రెండు మూడు రోజులున్నాక. మొదటిసారి అరగంట వదిలి, లోపలికి తెచ్చి కాలు కడిగి అరికాలు చూడండి. ఎరుపు లేకపోతే మర్నాడు గంట వదలండి.